కుడికి లాగే బండి

తెలుగు పత్రికల్లో బ్రేకు అనే మాట కనబడని రోజు ఉండదు. పనులకు బ్రేకు పడుతుంది, పెళ్ళిళ్ళకు బ్రేకు పడుతుంది, రాజకీయ నాయకుల దూకుడుకు బ్రేకు వేస్తారు. ఇంతగా వాడుకుంటున్న మాటకు మనకంటూ ఒక సొంత మాట లేకపోవడం నాకు చాలాకాలం వింతగా ఉండేది. ఎద్దుకు పగ్గం ఉంది, ముకుతాడు ఉంది. గుర్రానికి కళ్ళెం ఉంది. అవన్నీ లాగే జంతువును పట్టి ఆపేవే తప్ప, తిరిగే చక్రాన్ని పట్టి ఆపేవి కావు. మన బండ్లలో ఆగేది ఎద్దు. బండి దాని వెనక ఆగేది. ఎద్దు లేని బండి వచ్చాక, చక్రాన్నే ఆపవలసి వచ్చాక, ఆ పనితోపాటు మాట కూడా బయటినుంచే వచ్చింది.

ఈ ఆలోచన నాకు పుస్తకాలు చదువుతున్నప్పుడు కలగలేదు. మా మేనమామ పాత పికప్ బండి కింద, వీపుకి గోనెసంచి పరుచుకుని పడుకున్న నాలుగు రోజుల్లో కలిగింది. ఆ నాలుగు రోజుల సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను. బండ్ల గొడవ పట్టని మిత్రులు కూడా కాస్త ఓపిక పట్టండి. ఇందులో ఇనుమూ నూనే ఎంత ఉన్నాయో, మనుషుల సంగతీ అంతే ఉంది.

మా మామయ్య వాళ్ళది నెల్లూరు జిల్లాలో మైపాడుకు దగ్గరి పల్లె. సముద్రానికీ ఊరికీ మధ్య బకింగ్‌హాం కాలువ. కాలువకు అటూ ఇటూ ఒకప్పుడు వరి, సరుగుడు తోపులు. 1990 ప్రాంతం నుంచీ రొయ్యల గుంటలు. టైగరు రొయ్య బంగారం పండిన రోజుల్లో, 1993లో, మామయ్య ఈ బండిని రెండో చేతి మీద కొన్నాడు. జీపు ముక్కు, వెనక ఇనుప తొట్టి, డీజిలు ఇంజను. 1988 నాటి తయారీ. ఆ తరవాత రెండేళ్ళలోనే తెల్లమచ్చ తెగులు వచ్చి కోస్తా అంతటా గుంటలు ఎండిపోయాయి. అప్పులు తీర్చడానికి మామయ్య రెండెకరాలు అమ్మాడు గాని బండి అమ్మలేదు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ గుంటలు నిండాయి, బండికి మళ్ళీ పని దొరికింది.

రొయ్యల బండి బతుకు వేరు, ఇటుకల బండి బతుకు వేరు. రొయ్యను పట్టేది ఎక్కువగా రాత్రిపూట. పట్టిన వెంటనే ప్లాస్టిక్ ట్రేలలో ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు పరిచి కొనుగోలుదారు దగ్గరకు తోలాలి. దారి పొడుగునా ఐసు కరుగుతుంది. కరిగిన నీటిలో గుంట తాలూకు ఉప్పు ఉంటుంది. ఆ నీళ్ళు తొట్టి సందుల్లోంచి కారి, చాసీ మీదుగా, ఇరుసు మీదుగా, ఇరుసును అంటిపెట్టుకుని పోయే సన్నని బ్రేకు గొట్టాల మీదుగా బొట్లుబొట్లుగా జారిపోతాయి. దానికి తోడు రాత్రీ పగలూ ఉప్పుగాలి. పై నుంచి చూస్తే బండి బాగానే ఉంటుంది, ఏడాదికోసారి రంగు కూడా వేస్తారు. తుప్పు తినేది కంటికి కనబడని చోట.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. ఆ నెల 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అంతకు ముందే నెల్లూరును వానలతో ముంచింది. మామయ్య బండి రెండు రోజులు ఇరుసు దాకా ఉప్పునీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీశాక ఇంజను ఒక్క తాపులో అందుకుంది. అందరూ సంతోషించారు. బండి కదిలితే చాలు, బాగున్నట్టే అనుకోవడం మన వాడుక. ఆగుతుందా అని అడిగేవాళ్ళు తక్కువ.

మూడు వారాల తరవాత ఒక తెల్లవారుజామున మా బావ ఎనిమిది వందల కిలోల సరుకుతో కాలువ వంతెన ఎక్కి దిగుతున్నాడు. ట్రేల మీద ముగ్గురు కూలీలు కూర్చుని ఉన్నారు. (కూర్చోకూడదు. కాని ఆ వేళప్పుడు వాళ్ళను ఇళ్ళకు చేర్చే బండి మరొకటి లేదు.) వంతెన దిగువన మలుపు. అక్కడ టీ కొట్టు, దాని ముందు చలికి ముడుచుకుని నిలబడిన నలుగురైదుగురు. బావ పెడల్ తొక్కాడు. అది ఎక్కడా ఆగకుండా, మెత్తగా, నేల దాకా పోయింది. రెండోసారి తొక్కాడు, మళ్ళీ నేలే. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగితే తీగ తెగి చేతికి వచ్చింది. మలుపు తిప్పకుండా బండిని ఎడమకు కోసి, రోడ్డు పక్కన పోసి ఉన్న మట్టి కట్టలోకి ఎక్కించాడు. కూలీల్లో ఒకతనికి మణికట్టు బెణికింది, నాలుగు ట్రేలు పగిలాయి. అంతే. టీ కొట్టు దగ్గరి వాళ్ళు వచ్చి బండిని తోశారట, బావకు టీ ఇచ్చారట. ఆ టీ గ్లాసు పట్టుకోలేకపోయానని బావ నాతో చెప్పాడు. ఆ మాట అత్తయ్యకు తెలియదు.

సంక్రాంతి సెలవులకు నేను వెళ్ళేసరికి బండి పెరట్లో నిలబెట్టి ఉంది. ఇంట్లో మూడు అభిప్రాయాలు నడుస్తున్నాయి. అత్తయ్య పాత ఇనుముకు అమ్మేయమంటోంది. పాత ఇనుము వ్యాపారి నలభై అయిదు వేలు ఇస్తానన్నాడు. మామయ్య తెగిన గొట్టం ఒక్కటి మార్చి మళ్ళీ తోలుదామంటున్నాడు. బావ ఏమీ అనడం లేదు. నేను ఇంజనీరింగు చదివాను కనుక నా మాటకు విలువ ఇస్తారని ఆశపడ్డాను గాని, ఆ చదువు కాగితం మీదిదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చివరకు, ముందు చక్రాలు విప్పి చూద్దాం, తరవాత మాట్లాడుకుందాం అన్న ఒక్క విషయం మీద ఏకాభిప్రాయం కుదిరింది.

నెల్లూరు నుంచి మేస్త్రీ వచ్చాడు. అరవై దాటిన మనిషి. అందరూ భాయ్ అంటారు, నేనూ అలాగే అన్నాను. ఆయన మొదట చేసిన పని జాకీ ఎత్తాక బండి కింద తాటి దుంగలు పేర్చడం. “జాకీని నమ్మి బండి కిందకి పోబాక అబ్బయ్యా. జాకీ ఎత్తేదానికే, మొయ్యడానికి కాదు” అన్నాడు. రెండో పని, డ్రమ్ములు ఊడదీసే ముందు నీళ్ళు చిలకరించడం. పాత లైనర్లలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరవాత కాన్సరు అవుతుంది. నోటితో ఊదడం, గాలి గొట్టంతో కొట్టడం షెడ్లలో ఇప్పటికీ చూస్తాం. భాయ్‌కి ఆ సంగతి పుస్తకం చెప్పలేదు. ఆయనతో పని నేర్చుకున్న ఒకరి దగ్గు చెప్పింది.

వెనక ఇరుసు మీది గొట్టం దొరికింది. పైన నల్లరంగు చెక్కు చెదరలేదు. గోటితో నొక్కితే లోపలికి పోయింది. రంగు పెంకు లోపల ఇనుము పొడి. అక్కడే తెగింది. భాయ్ ముందు ఎడమ చక్రం దగ్గరకు వచ్చి, డ్రమ్ము ఊడదీసి, చాలాసేపు మాట్లాడలేదు. లైనరు కొత్తదిలా ఉంది. డ్రమ్ము లోపలి గోడ గీత లేకుండా తుప్పు పట్టి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ షూ ఆ డ్రమ్మును తాకలేదు. గొట్టం వెంట వేలు పెట్టి పోతే, చాసీ పక్కన, గొట్టాన్ని వెనక్కి మడిచి, సుత్తితో కొట్టి చదును చేసి, మళ్ళీ మడిచి ఉంది. ఆ చక్రానికి నూనె అందకుండా ఎవరో మూసేశారు.

ఆ బండి కుడికి లాగుతుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. బ్రేకు తొక్కేటప్పుడు స్టీరింగు కాస్త ఎడమకు తిప్పి పట్టుకోవాలి. “ఆ బండి గుణమే అంత” అనేవారు, ఒక మనిషి కోపిష్టితనాన్ని గురించి అన్నట్టు. బావ తోలడం నేర్చుకున్నప్పుడు మామయ్య ఆ గుణాన్ని కూడా క్లచ్చు, గేరులతో పాటే నేర్పాడు. ముందు రెండు చక్రాల్లో కుడిది మాత్రమే ఆగుతూ ఉంటే బండి కుడికి పోక ఎక్కడికి పోతుంది? మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం గనుక కుడికి పోవడమంటే ఎదురు బండి మీదకు పోవడం.

మామయ్య అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి వచ్చి, వంగి, మడిచిన గొట్టాన్ని చూసి, “అది నేనే మడిచినా” అన్నాడు.

2006లో ఒక రాత్రి కోవూరు దాటాక ఆ చక్రం సిలిండరు కారిపోయింది. బండి నిండా సరుకు. తెల్లవారితే ఐసు ఉండదు. చేలో ఒక రాయి తీసుకుని గొట్టం మడిచి కొట్టాడు, మిగిలిన మూడు చక్రాలతో సరుకు చేర్చాడు. ఆ పంటతో అక్క పెళ్ళి అప్పు తీరింది. “తెల్లారినాక చేయిద్దాంలే అనుకున్నా” అన్నాడు. పదిహేడేళ్ళు అయింది. ఈ మధ్యలో లైనర్లు వేసిన మెకానిక్కులు ముగ్గురు. ముగ్గురూ ఆ మడత చూసే ఉంటారు. ముగ్గురూ అది ఎవరో ఆలోచించి చేసిన పనే అనుకుని ఉంటారు. పైగా ముందు బ్రేకులు గట్టిగా పడితే బండి బోల్తా కొడుతుందని డ్రైవర్లలో ఒక నమ్మకం ఉంది. దానివల్ల ముందు బ్రేకులు తీసేసి తిరిగే లారీల సంగతి కూడా మనం వినే ఉన్నాం.

నిజం దీనికి సరిగ్గా ఎదురు. బండి ఆగుతున్నప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. బస్సులో నిలబడి ప్రయాణం చేసిన ప్రతివాళ్ళకూ ఇది కాళ్ళలో తెలిసిన విషయమే. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి, వెనక చక్రాలు తేలికవుతాయి. అందుచేత ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. వెనక చక్రాలే ముందుగా బిగుసుకుంటే బండి తోక తిప్పుతుంది. బోల్తా భయం ఉన్నది అక్కడ.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకుందాం. మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రాన్ని మోటారు బండి బ్రేకుకు పనికివచ్చేలా చేసిన వాళ్ళలో ముఖ్యుడు అమెరికాలో మాల్కం లాగ్‌హెడ్. ఈయనా, విమానాల లాక్‌హీడ్ కంపెనీ పెట్టిన ఆలన్ అన్నదమ్ములు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులతో వచ్చింది. మన దేశంలో టీవీఎస్ వారూ ఇంగ్లండు లూకాస్ వారూ కలిసి 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా స్థాపించారు.

లెక్క చూడండి. పాదం ఇరవై అయిదు కిలోల బలంతో తొక్కితే, పెడల్ తులాదండం దాన్ని అయిదింతలు చేస్తే, మాస్టర్ సిలిండరు మీద నూట ఇరవై అయిదు కిలోలు. దాని ముషలకం వైశాల్యం అయిదు చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరుకూ ఇరవై అయిదు కిలోల ఒత్తిడి. అదే ఒత్తిడి చక్రం దగ్గర ఇరవై మూడు చదరపు సెంటీమీటర్ల ముషలకం మీద పడితే దాదాపు అయిదు వందల డెబ్బై కిలోలు. పసిపిల్ల లాంటి నూనె ఇంత పని చేస్తుంది. కాని ఒక షరతు: ఎక్కడా చిల్లు ఉండకూడదు. మామయ్య బండి కాలంలో ఇలాంటి బండ్లకు నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే దారి. ఎక్కడ చిల్లు పడినా నాలుగు చక్రాలూ పోతాయి. తరవాత వచ్చిన జంట మాస్టర్ సిలిండరులో రెండు గదులు, రెండు దారులు. ఒకటి పోయినా రెండోది సగం పని చేస్తుంది. అమెరికాలో 1960ల చివరికల్లా దీన్ని తప్పనిసరి చేశారు.

అందువల్ల ఆ సాయంత్రం నేను గట్టిగా చెప్పిన మాట ఒక్కటే: గొట్టం మార్చినంత మాత్రాన చాలదు, ఒక్క గొట్టం మీద ముగ్గురి ప్రాణాలు ఆధారపడే ఏర్పాటే మారాలి. మామయ్య ఖర్చు అడిగాడు. ముందు చక్రాలకు డిస్కులు, జంట సిలిండరు, బూస్టరు, కొత్త గొట్టాలు, వెనక కొత్త లైనర్లు, అన్నీ కలిపి నలభై వేల లోపు అన్నాడు భాయ్. బండి ధరే నలభై అయిదు. అత్తయ్య నవ్వింది. అప్పుడు బావ మొదటిసారి నోరు విప్పాడు. “అమ్మితే వేరే బండి కొనాల. అప్పు చెయ్యాల. దీన్ని అమ్మితే ఇనుముకే పోతదని ఏముంది, యాడన్నా ఇంకోడు ఒక గొట్టం వేసుకుని తోలతాడు.” దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మామయ్య లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చాడు.

ఒకటి మారిస్తే ఇంకొకటి మార్చవలసి రావడం ఈ పనిలోని తమాషా. డ్రమ్ము బ్రేకులో ఒక సుగుణం ఉంది: తిరుగుతున్న డ్రమ్మే ముందు వైపు షూను తన వెంట లాక్కుని మరింత గట్టిగా అదుముకుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు. కనుక దానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, అంటే బూస్టరు కావాలి. బూస్టరు పనిచేసేది శూన్యంతో. పెట్రోలు ఇంజను గాలి పీల్చే దారిలో ఆ శూన్యం ఊరికే దొరుకుతుంది. ఇలాంటి డీజిలులో దొరకదు. కనుక దానికొక పంపు కావాలి. ఆ పంపు ఆల్టర్నేటరు వెనక అమర్చి వస్తుంది, కనుక ఆల్టర్నేటరూ మారాలి. పాత మాస్టర్ సిలిండరులో డ్రమ్ముల కోసం గొట్టంలో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే కవాటం ఉంటుంది. అదే డిస్కుకు పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. కనుక సిలిండరూ డిస్కు బండిదే కావాలి.

ఇంత గొడవ దేనికి, కొత్త డ్రమ్ములే వేయొచ్చు కదా అని అడగవచ్చు. ఘాట్‌రోడ్లలో డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతాయి. కాని నెల్లూరు తీరాన ఘాట్లు లేవు. మా బాధ నీరు. గుంట గట్లు దిగి, పిల్లకాలువలు దాటి వచ్చిన డ్రమ్ములో నీళ్ళు చేరితే, తరవాతి రెండు మూడు సార్లు బ్రేకు తొక్కినా పట్టదు. డిస్కు ఆరుబయట ఉంటుంది, ఒక చుట్టుతో నీళ్ళు విదిలించుకుంటుంది.

సామాను కోసం నేనూ బావా మద్రాసు వెళ్ళాం. పాత సామానుకు పుదుప్పేట, కొత్త సామానుకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు. అదే కంపెనీ తరవాతి బండి తాలూకు ముందు ఇరుసు కణుపులు పాతవి తీసుకున్నాం. కాలిపర్లు, డిస్కులు, ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు, సిలిండరు మాత్రం కొత్తవే. అరిగేదీ, కారేదీ పాతది కొనకూడదని భాయ్ ఆజ్ఞ. బండి రూపురేఖలు మార్చడంలో చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకని ఇలాంటి పనికి దిగేవాళ్ళు ముందుగా రవాణా శాఖ వారిని అడిగి, పని అయ్యాక బండిని పరీక్షకు చూపించడం మంచిది. మేమూ అలాగే చేశాం.

గొట్టాల దగ్గర నాకూ భాయ్‌కీ చిన్న వాదన. ఇనుప గొట్టం ఉప్పుకు మళ్ళీ పోతుంది కనుక ఏసీ వాళ్ళు వాడే రాగి గొట్టం వేద్దామన్నాడు. రాగి తుప్పు పట్టదు, నిజమే. కాని అదురుకు, వంపుకు గట్టిపడి చివరకు పగుళ్ళిస్తుంది. దీనికి సరైనది కుప్రోనికెల్: నూటికి తొంభై వంతులు రాగి, పది వంతులు నికెల్. ఓడల్లో ఉప్పునీళ్ళు పారే గొట్టాలకు వాడేది ఈ మిశ్రమాన్నే. కార్లలో వోల్వో వారు దీన్ని 1970ల నుంచే వాడుతున్నారు. “ఓడ గొట్టమా? మరి మనం ఉండేది సముద్రం ఒడ్డునే గదా” అని భాయ్ ఒప్పుకున్నాడు. దానికి కొసలు రెండు మడతలుగా విచ్చదీయడంలో ఆయన చేతి నేర్పు నేను ఎన్ని జన్మలకూ నేర్చుకోలేను.

ఇంకొక జాగ్రత్త నూనె విషయంలో. బ్రేకు నూనె అంటాం గాని అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. అందులో ఇంజను ఆయిలు చుక్క కలిసినా రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. అత్యవసరంలో సబ్బునీళ్ళూ ఆయిలూ పోసి బండి నడిపిన కథలు గొప్పగా చెప్పుకుంటారు. ఆ బండ్లు తరవాత ఏమయ్యాయో చెప్పరు. పైగా ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు కనుక, ఏడాదికోసారి, మహా అయితే రెండేళ్ళకోసారి, మార్చవలసిందే.

కనుమ మర్నాడు గాలి తీశాం. గొట్టాల్లో చిక్కుకున్న గాలి బుడగ నలుగుతుంది గాని ఒత్తిడిని ముందుకు పంపదు. అది పోయేదాకా పెడల్ స్పంజిలా ఉంటుంది. మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటె దూరపు చక్రంతో, మాకైతే వెనక ఎడమతో, మొదలుపెట్టాలి. పెడల్ తొక్కే పని బావ కూతురు తీసుకుంది. పన్నెండేళ్ళ పిల్ల.

“తొక్కు పాపా.”

“తొక్కినా.”

“పట్టుకో. వదలబాక… వదలబాక… ఆఁ, ఇప్పుడు వదులు.”

సీసాలోకి దిగిన సన్న గొట్టంలో బుడగలు వచ్చాయి, తగ్గాయి, ఆగిపోయాయి. ఎడమ ముందు చక్రం వంతు వచ్చినప్పుడు మామయ్య వచ్చి సీసా తనే పట్టుకున్నాడు. పదిహేడేళ్ళ తరవాత ఆ చక్రానికి మొదటి చుక్క చేరింది. ఎవరం ఏమీ అనలేదు. నాలుగూ అయ్యాక “తాతా, ఇంక కిందకి పోవడం లేదు, రాయిలాగా ఉండాది” అని పిల్ల లోపలినుంచి అరిచింది.

పరీక్షకు ఊరి బయట తిన్నని రోడ్డు, తెల్లవారుజాము. పండగ ముగ్గుపిండి ఇంకా మిగిలి ఉంది. రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీసి, అక్కడ తొక్కాలని నియమం పెట్టుకున్నాం. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చి బావ తొక్కాడు. బండి ఎడమకు పోయింది! భాయ్ కంగారుపడి కుడి కాలిపర్ చూశాడు, బాగానే ఉంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ ఎడమకే. మూడోసారి నేను పక్కన కూర్చుని బావ చేతులు చూశాను. బ్రేకు మీద కాలు పడగానే చేతులు వాటంతట అవే స్టీరింగును ఎడమకు తిప్పుతున్నాయి. బండి రోగం కుదిరింది, చేతుల్లోని మందు పోలేదు. “చేతులు వదులుగా పెట్టు బావా” అంటే, “వదులుగా పెడితే భయమైతాంది” అన్నాడు. ఆ ఉదయం ముప్ఫైసార్లు తొక్కి ఉంటాడు. ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవడానికి ఎలాగూ అన్నిసార్లు తొక్కాలి. చివరకు బండీ మనిషీ ఇద్దరూ తిన్నగా ఆగారు. ఖాళీ బండి పదకొండు మీటర్లు.

బరువు వేసి చూస్తే పదహారు. ఇది ఎక్కువ. కారణం వెతకడానికి ఒక పూట పట్టింది. ఖాళీ బండిలో వెనక చక్రాలు త్వరగా బిగుసుకోకుండా, బరువు పడినప్పుడు మాత్రం వాటికి ఎక్కువ ఒత్తిడి పంపేలా, కొత్త ఏర్పాటులో ఒక కవాటం ఉంది. తొట్టి ఎంత కిందకి దిగితే అంత బరువు ఉందని దానికి తెలుస్తుంది. కాని మామయ్య ఎప్పుడో కమాను కట్టలకు ఒక పట్టీ అదనంగా వేయించాడు. ఎనిమిది వందల కిలోలు వేసినా తొట్టి దిగడం లేదు. బండి ఖాళీగా ఉందని కవాటం నమ్ముతోంది. దాని కడ్డీ పొడవు సరిచేసి మళ్ళీ తొక్కితే పదమూడున్నర. పరీక్ష ఖాళీ బండితోనే ముగించి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుందని కూడా ఆ ముగ్గు గీతల దగ్గరే పిల్లకు లెక్క చేసి చూపించాను. బళ్ళో చెప్పింది నమ్మలేదు గాని, అడుగులతో కొలిచాక నమ్మింది.

మొత్తం ముప్ఫై ఎనిమిది వేల చిల్లర అయింది. డిస్కులు వచ్చాయి గదా అని ఉప్పు జాలిపడదు. కాలిపర్ జారే పిన్నులు ఉప్పుకు బిగుసుకుపోతే ఒక చక్రం మళ్ళీ చచ్చుబడుతుంది, బండి మళ్ళీ ఒక పక్కకు లాగడం మొదలుపెడుతుంది. అందుకని సరుకు దింపి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కింద కడగాలనీ, మూడు నెలలకోసారి పిన్నులు తీసి రబ్బరుకు పడే గ్రీజు రాయాలనీ భాయ్ చెప్పి వెళ్ళాడు. ఐసు నీళ్ళు చాసీ మీద పడకుండా తొట్టి అడుగున ఒక రేకు దోనె, దానికొక గొట్టం బావ సొంతంగా అమర్చాడు. అన్నిటికంటె పనికొచ్చే మార్పు అదేనేమో. అయిన ఖర్చు ఆరు వందలు.

మీ ఇళ్ళలో ఏదైనా పాత బండి ఉంటే, దానికి ఒక “గుణం” ఉంటే, ఒక పక్కకు లాగడమో, రెండుసార్లు తొక్కితే గాని పట్టకపోవడమో, చలికాలం పొద్దున మూలగడమో, ఆ గుణాన్ని పిల్లలకు నేర్పే ముందు ఒకసారి చక్రం విప్పించండి. మన బండికి మాత్రం ఏమీ లేదనుకుంటే, ఆగి ఉన్నప్పుడు పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకుని చూడండి. కాలు మెల్లగా కిందకి పోతూ ఉంటే అది ఇంక రోడ్డెక్కవలసిన బండి కాదు, మేస్త్రీని ఇంటికి పిలవండి.

మడిచిన ఆ గొట్టం ముక్కను భాయ్ కోసి పక్కన పారేశాడు. మామయ్య దాన్ని ఏరి కడిగి, వసారాలో గుంటల లెక్కల పుస్తకం పెట్టే గూట్లో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఈ మధ్య ఫోను చేసినప్పుడు గుంట మోటారుకు వైరు తాత్కాలికంగా అతికించి ఉంటే విప్పించి కొత్తది వేయించానని, అడక్కుండానే చెప్పాడు.